ఘంటసాల వారి భగవద్గీత

ఆగిరిపల్లి శోభనాచలమునకు దిగువనున్న ఒక మామిడితోటలో, వేసవి ఉదయమున, కాయకోత జరుగుచుండగా మేమచట నుంటిమి. ఊరివైపునుండి మైకులో ఘంటసాల వారి భగవద్గీత వినవచ్చెను. చిక్కము కట్టిన గెడతో కాయలు దింపుచున్న కూలి చేయి ఆపి, "ఎవరండీ పోయింది?" అని అడిగెను. "ఎవరూ పోలేదయ్యా, ఇవాళ ఏకాదశి. గుళ్ళో పెట్టారు" అని తోట కౌలుదారు బదులు చెప్పెను. అతడు తేలికపడి మరల పనిలో దిగెను. అతని ప్రశ్న మాత్రము మా మనస్సున నిలిచిపోయినది. బ్రతికియున్న ఒక వీరుని కర్తవ్యమునకు లేపుటకై చెప్పిన మాటలు, తెలుగునాట మరణవార్తకు గుర్తుగా ఎట్లు మారెను?

ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ చెంతనున్న చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్య గారు తరంగములు పాడువారు. ఆ తరంగములకు చిందులు వేయుచు తిరిగిన బాలుని జనులు 'బాలభరతుడు' అని ముద్దుగా పిలిచిరి. విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యరికము, 1942 ఉద్యమమున కారాగారవాసము, పిమ్మట మదరాసు ప్రయాణము, అందరెరిగినవే.

ఆ మదరాసు కథలో మా ఆగిరిపల్లికిని ఒక చిన్న వాటా కలదు. నూజివీటి జమీందారీ వంశీయులగు మీర్జాపురము రాజా, మేకా వేంకటరామయ్య అప్పారావు గారు, తమ చిత్రనిర్మాణ సంస్థకు శోభనాచల అని పేరుంచిరి. వ్యాఘ్ర లక్ష్మీనరసింహస్వామి వెలసిన మా కొండ పేరే అది. ఆ సంస్థ 1949లో వెలువరించిన 'కీలుగుఱ్ఱము'నకు సంగీతము కూర్చినవారు ఘంటసాల. అదే యేట రాజా గారి సతీమణి కృష్ణవేణి గారు నిర్మించిన 'మనదేశము'నకును ఆయనయే సంగీత దర్శకులు. కొండక్రింద మామిడితోటల ఆదాయము ఏ మేరకు పాటగా మారెనో లెక్క కట్టజాలము గాని, మా ఊరి దేవుని పేరు తెరమీద కనబడగానే చేతులు జోడించిన ముసలమ్మలుండిరనిన ఎవరును ఆశ్చర్యపడనక్కరలేదు.

ఆనాటి రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగునది. ఒక పక్కకు సుమారు మూడు నిమిషముల గానము మాత్రమే పట్టును. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి 'పుష్పవిలాపము', 'కుంతీకుమారి' పద్యములను ఘంటసాల గళము ఇంటింటికి చేర్చినది ఈ ఇరుకులోనే. పద్యమును రాగములో ముంచివేయక, మాట మాటయు తెలియునట్లు విడదీసి పాడుట ఆయనకు అబ్బిన విద్య. ఆ విద్యయే గీతకు పునాది యైనది. పిమ్మట వచ్చిన దీర్ఘవాదన రికార్డు పక్కకు ఇరువది నిమిషములకు పైగా చోటిచ్చెను. అది లేనిదే గీతా గానము సాధ్యమయ్యెడిది కాదు.

1970లో పద్మశ్రీ, 1971లో ఐరోపా, అమెరికా పర్యటన. మరుసటి యేట హృద్రోగము ఆయనను బాధించెను. గీతను గానము చేయవలెనను సంకల్పము ఆ అస్వస్థతలోనే బలపడినదని చెప్పుదురు. 700 శ్లోకములలో నూటికి పైచిలుకు ఏరి, వేరువేరు రాగములలో పాడి, ప్రతి శ్లోకము వెంట తెలుగు తాత్పర్యమును తామే చదివిరి. చదువుటలో నటన లేదు, పాండిత్య ప్రదర్శన లేదు. పెద్దవాడొకడు అరుగుమీద కూర్చుండి నెమ్మదిగా చెప్పుచున్నట్లుండును.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్త కాదు. గుడిమండపమున పౌరాణికుడు శ్లోకమో పద్యమో రాగయుక్తముగ చదివి, ఆగి, అర్థము చెప్పుట తరతరములుగ వచ్చుచున్న పురాణ కాలక్షేపము. ఆ పౌరాణికుడు పల్లెలలో అరుదగుచున్న కాలముననే ఈ రికార్డు వచ్చెను. జనులు దానిని సినిమా గాయకుని క్రొత్త ప్రయోగముగా గాక, తమకెరుకయైన గొంతుతో పురాణము తిరిగి వచ్చినట్లుగ వినిరి. ఆదరణకు మూలమిదియే యని మా అభిప్రాయము.

అయితే 1974 ఫిబ్రవరి 11వ తేదీన, 51 సంవత్సరముల ప్రాయమున, ఘంటసాల వారు కన్నుమూసిరి. రికార్డు ఆ తరువాతనే ప్రజల చేతికి వచ్చినది. అనగా దానిని మొట్టమొదట విన్నవారు ఆయనకొరకే దుఃఖించుచు వినిరి. ఆత్మకు చావు లేదను మాటను, చనిపోయిన మనిషి గొంతే చెప్పుచుండెను! దుఃఖగృహముతో ఈ గానమునకు పొత్తు తొలినాడే ఏర్పడెనని మేము తలంతుము. పిమ్మట క్యాసెట్లు వచ్చినవి. గుడిలో సుప్రభాతము వెంట గీతయు మ్రోగినది, నిజమే. కాని శవము ముంగిట పురాణము చదువువాడు దొరకని యింట, మీట నొక్కిన పలుకు గొంతు మహోపకారమయ్యెను. తుదకు వైకుంఠరథములు సయితము దానినే పాడుచు వీధులవెంట సాగినవి.

చావు ఇంట గీతను పెట్టరాదని ఇటీవల కొందరు గట్టిగ కోరుచున్నారు. వారి బాధ మాకు తెలియును. అయినను బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ప్రక్కన ఆ గొంతును ఆపివేయుడని మేము చెప్పజాలము. ఆమెకు ఆ ఘడియలో అంతకంటె మేలైన మాట మనలో ఎవరు చెప్పగలరు? లోపము అచట వినుటలో లేదు, మరెచటను వినకపోవుటలో నున్నది. శవమును ఎత్తువరకే పాట. రెండవ అధ్యాయము దాటకముందే మైకు కట్టుదురు. కర్మయోగమును, విశ్వరూపమును, సంశయము తీరిన అర్జునుని తుది మాటను విన్న చెవులు తక్కువ.

ఆనాడు తోటలో బుట్టలు నిండి ట్రాక్టరుకెక్కువేళకు గుడిమైకు విశ్వరూప సందర్శనమునకు వచ్చెను. గెడ చెట్టునకు ఆనించి, తువ్వాలుతో మెడ తుడుచుకొనుచు ఆ కూలి కొంతసేపు వినెను.

"ఇంకా ఉందా అండీ ఇది?" అని అడిగెను.