కెమెరా సంచీ, అవ్వ బొంత

2007లో ఒకనాడు శాంతిపురం నుండి కుప్పం వెళ్ళే బస్సులో నా కెమెరా ఒడిలోంచి జారి కింద పడింది. కటకం అంచు సొట్టపోయింది. లోపలి మెత్తతో కుట్టిన కెమెరా సంచీ వెల బజారులో విచారిస్తే, నేను పాతది కొన్న కెమెరా వెలలో సగం చెప్పారు. సంచీ నేనే కుట్టుకోవాలని ఆనాడే నిశ్చయించుకున్నాను. ఆ పూనికలో నేను చదివి తెలుసుకున్న చరిత్రనూ, నేను చేసిన ఒక పొరపాటునూ చదువరులతో పంచుకోవటానికే ఈ నాలుగు మాటలు.

ఛాయాచిత్రకళ చరిత్ర అనగానే మనకు కెమెరాలు గుర్తుకొస్తాయి గాని, వాటిని మోసిన పెట్టెలు గుర్తుకు రావు. గాజును పగలకుండా ఊరూరా తిప్పటం ఎలాగన్నది ఆ కళకు తొలినాటి చిక్కు. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతిలో గాజుపలకపై రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి కడగాలి. కనుక చిత్రకారుని వెంట కెమెరాతో పాటు చీకటి గుడారం, మందుల సీసాలు, పలకల పెట్టెలు కూడా కదలవలసిందే. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు లిన్నియస్ ట్రైప్ 1857-58లో దక్షిణాది గుడుల చిత్రాలు తీయబోయినప్పుడు సామాను ఎడ్లబండ్ల మీద సాగింది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) గాజు నెగటివులు రెండువేలకు పైగా నేటికీ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అంత గాజు అన్నేళ్ళు నిలిచిందంటే దాన్ని ఎవరెవరో ఎంతో ఓపికగా సర్ది, పొదిగి, మోసి ఉండాలి. ఆ చేతుల పేర్లు మనకు తెలియవు.

1888లో ఈస్ట్‌మన్ చుట్టఫిల్ముతో కొడాక్ కెమెరాను తెచ్చాక పలకల బరువు తగ్గింది. కటకం మాత్రం గాజుగానే మిగిలింది. 1970లలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఛాయాచిత్రకారుడు జిమ్ డోంకీ తన పనికి అనువుగా ఒక కాన్వాసు సంచీని రూపొందించుకున్నాడు. తోటివారికీ అది నచ్చి, పోనుపోను పేరున్న సరుకైంది. సొంతానికి కుట్టుకోవాలన్న నా ఆలోచన కొత్తదేమీ కాదని తెలిసి ధైర్యం వచ్చింది.

సూత్రం చిన్నది. గట్టి పైపొర దెబ్బను ఒకేచోట దిగనీయదు. లోపలి మెత్త ఆ దెబ్బను ఒక్కసారిగా కాక కొంచెం కొంచెంగా దించుతుంది. పాత బడిసంచీని పైపొరగా తీసుకున్నాను. కెమెరాను అన్ని వైపులా కొలిచి, రెండు వేళ్ళ వెడల్పు అదనంగా ఉంచి, అట్టముక్కలూ చుట్టచాప ఫోమ్‌ముక్కలూ కోశాను. అడుగున రెండు వరసలు వేశాను. కటకానికీ కెమెరాకూ నడుమ ఒక అడ్డుగోడ పెట్టాను. ఫోమ్ మీద కప్పటానికి దళసరి గుడ్డ కావలసి వచ్చింది. ఇంట్లో దళసరి గుడ్డ అంటే అవ్వ బొంతే.

అది పాత చీరలూ పంచెలూ పొరలుపొరలుగా పేర్చి అవ్వ తన చేత్తో కుట్టుకున్నది. అడగటానికి రెండు రోజులు వెనుకాడాను. చివరికి ఆమే అన్నది: "చినిగిన మూల కోసుకో నాయనా. నడిమిది ముట్టుకోవద్దు, అది మీ తాత పంచె."

మూలనే కోశాను. బొంత నూలుపోగులు కటకానికి అంటుకుంటుంటే పైన నునుపైన జాకెట్టు గుడ్డ కుట్టాను. నూలు చెమ్మ పీలుస్తుంది. చెమ్మ తగిలితే కటకానికి బూజు పడుతుంది. అందుకని వానాకాలంలో కెమెరాను సంచీలో నిలువ ఉంచను, సంచీని ఎండలో ఆరేస్తాను. మొత్తం ఖర్చు 140 రూపాయలు. సంచీ చాలాసార్లు కింద పడింది. కెమెరాకు ఏమీ కాలేదు.

2011లో అవ్వ కాలం చేసింది. మిగిలిన బొంతను ఆమెతో పాటే పంపించారు. అప్పుడు గాని నాకు తట్టలేదు: కెమెరాను కాపాడుకోవటానికి బొంతను కోశాను, కోసే ముందు ఆ కెమెరాతో బొంతను ఒక్క ఫొటో తీయలేదు. తాత పంచె రంగేమిటని నేడు ఎవరైనా అడిగితే చెప్పలేను. మీ ఇంట్లో ఇంకా బొంత ఉంటే, కత్తెర పట్టుకునే ముందు దాన్ని వెలుగులో పరచి ఒక ఫొటో తీసుకోండి.