వార్డెన్ సంతకం (మన చరిత్ర – 7)

నేను సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదువుకున్నవాణ్ణి. మా సబ్బుకీ, దుప్పటికీ, పండక్కి ఇంటికెళ్ళడానికీ వార్డెన్ సారు సంతకమే. అన్నం పెట్టే చెయ్యి అది. ఎదురు చెప్పే ధైర్యం మాకు గానీ, మా అమ్మకు గానీ ఉండేది కాదు. అందుకే ఈ లెక్క నన్ను వదల్లేదు.

2009 జులై, ఉమ్మడి ఖమ్మం జిల్లా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పరిశోధన అది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. వాళ్ళలో ఎంతోమంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే ఆదివాసీ, దళిత పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు. మహిళా, ఆరోగ్య సంఘాలు గొంతెత్తాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపించింది.

ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదని విచారణ కమిటీ చెప్పింది. ఈ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకుంటుంది. నా వాదన టీకా మీద కాదు, కాగితం మీద.

2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక బయటపెట్టిన లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అనుమతి పత్రాలు. అందులో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం హాస్టల్ వార్డెన్లది.

అంటే పదిమందిలో దాదాపు ముగ్గురు పిల్లల తల్లిదండ్రుల తరఫున ప్రభుత్వ ఉద్యోగే ఒప్పుకున్నాడు. అడిగిందీ ప్రభుత్వమే, సరేనన్నదీ ప్రభుత్వమే. బిడ్డను చదువుకి అప్పగించాం. ఒంటిని పరిశోధనకి రాసివ్వలేదు. వేలిముద్ర వేసినవాళ్ళకైనా ఆ కాగితంలో ఏముందో వాళ్ళ భాషలో చదివి వినిపించాలి కదా?

చనిపోయిన పిల్లల పేర్లు నేను రాయను. ఆ ఇళ్ళవాళ్ళు నాకు అనుమతి ఇవ్వలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రేపు మీ వాడకి ఎవరైనా రక్తం సీసాలతో వస్తే అడగండి: ఇది వైద్యమా, పరిశోధనా? మా పేర్లు ఎవరి చేతికి పోతాయి? వద్దంటే మా రేషన్, హాస్టల్ సీటు ఉంటాయా? మధ్యలో మానేయొచ్చా? జవాబు వచ్చాకే సంతకం.

జై భీమ్.