జవాబు ఉండే చోటు: విచ్ఛిన్న గణిత బోధనలో అభ్యాస ప్రశ్న చరిత్ర

గణిత గ్రంథాల చరిత్రను పరిశీలించేవారు సాధారణంగా సూత్రాలకే ప్రాధాన్యం ఇస్తారు. సూత్రం కింద విద్యార్థి కోసం ఉంచిన ప్రశ్నలను బోధన సామగ్రిగా భావించి దాటిపోతారు. అయితే అభ్యాస ప్రశ్నకు కూడా ఒక చరిత్ర ఉంది. దాని జవాబు ఎక్కడ ఉంది, ఎవరి అధీనంలో ఉంది అన్నదాన్ని బట్టి ఆ ప్రశ్న స్వభావం మారుతూ వచ్చింది. నేడు కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు డిస్క్రీట్ మాథమెటిక్స్ పేరుతో చదివే విచ్ఛిన్న గణితంలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. సంయోగాలు, ప్రస్తారాలు, పూర్ణాంకాలు ఈ శాఖలోని ముఖ్యాంశాలు.

ఉద్దేశకం

సంయోగాల లెక్క మనకు కొత్తది కాదు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహంలో సంయోగాల సంఖ్యను కనుగొనే సాధారణ సూత్రం ఉంది. దానికి ఇచ్చిన ఉద్దేశకాలలో, అంటే అభ్యాస ప్రశ్నలలో, ఒకటి షడ్రుచులకు సంబంధించినది. వగరు, చేదు, పులుపు, కారం, ఉప్పు, తీపి ఎన్ని విధాలుగా కలుస్తాయని ప్రశ్న. ఒక్కొక్కటిగా 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, అయిదేసి 6, అన్నీ కలిస్తే 1, మొత్తం 63. ఆ చివరి ఒక్కటే మన ఉగాది పచ్చడి.

ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మూలంలోని జైన ప్రసక్తుల స్థానంలో శైవ ప్రసక్తులు చేర్చాడు. సూత్రం ఏ మతస్థునికైనా ఒకటే కాబట్టి అనువాదకుని స్వేచ్ఛకు చోటు దొరికేది ప్రశ్నల్లోనే. మల్లనను అనువాదకునిగా అంచనా వేసేటప్పుడు ఈ విషయాన్ని ఇంకా లోతుగా పరిశీలించవలసి ఉంది.

ఉద్దేశకానికి జవాబు మూలగ్రంథంలో ఉండదు. అది గురువు దగ్గర ఉంటుంది. 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య గణితసారసంగ్రహాన్ని ఆంగ్లానువాదంతో ప్రకటించినప్పుడు చివర అనుబంధంగా జవాబుల పట్టికను కూడా చేర్చారు. దానితో గురుముఖతః సరిచూసుకోవలసిన జవాబు పుస్తకం చివరి పేజీలకు చేరింది. నేటి పాఠ్యపుస్తకాలలోనూ దాని స్థానం అదే.

గురువు దగ్గరా లేని జవాబు

పై రెండు సందర్భాలలోనూ జవాబు ఎక్కడో ఒకచోట ఉందన్న భరోసా విద్యార్థికి ఉంది. ఆ భరోసాకు ఆధారం లేని సందర్భం 1951లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎదురైంది. సమాచార సిద్ధాంతం బోధిస్తున్న రాబర్ట్ ఫానో తన విద్యార్థులకు రెండు మార్గాలు చూపారు: చివరి పరీక్ష రాయడం, లేదా ఒక సమస్యపై వ్యాసం సమర్పించడం. అక్షరాలను 0, 1 అనే రెండు అంకెలతో అత్యంత పొదుపుగా సూచించే పద్ధతిని కనుగొనమన్నది ఆ సమస్య. క్లాడ్ షానన్, ఫానో ఇద్దరూ దానిపై పనిచేసినా ఉత్తమ పద్ధతి వారికి చిక్కలేదు. ఆ సంగతి తరగతికి తెలియదు.

పరీక్ష తప్పించుకోవాలనుకున్న డేవిడ్ హఫ్‌మన్ నెలల తరబడి శ్రమించి, ఇక వదిలేసి పరీక్షకే సిద్ధమవుదామనుకున్న దశలో పరిష్కారం కనుగొన్నాడు. ఫానో పద్ధతి పైనుంచి కిందికి సాగుతుంది. అక్షరాల సమూహాన్ని వాడుక మొత్తాలు దాదాపు సమానమయ్యేలా రెండుగా చీలుస్తూ పోతుంది. హఫ్‌మన్ కిందినుంచి మొదలుపెట్టాడు. అతి తక్కువగా వచ్చే రెండు అక్షరాలను జతచేసి, ఆ జతను ఒకే అక్షరంగా లెక్కించి, మళ్లీ అదే పని చేయడం అతని పద్ధతి. ఒక సందేశంలో అయిదు అక్షరాలు వరుసగా 15, 7, 6, 6, 5 సార్లు వచ్చాయనుకుందాం. ఫానో పద్ధతిలో దానికి 89 అంకెలు కావాలి, హఫ్‌మన్ పద్ధతిలో 87 చాలు. తేడా రెండే, కానీ అంతకంటే తగ్గించడం సాధ్యం కాదని నిరూపించగలగడమే అసలు విషయం. 1952లో ఇది పరిశోధన పత్రంగా వెలువడింది.

సమస్య అపరిష్కృతమని ముందే తెలిస్తే ప్రయత్నించి ఉండేవాడా అన్న ప్రశ్న ఈ కథ వెంట ఎప్పుడూ వస్తుంది. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: ఆ సంగతి దాచే హక్కు అధ్యాపకునికి ఉందా? ఫలితం గొప్పది కనుక ఫానోను ఎవరూ తప్పుపట్టలేదు. పరిష్కారం దొరకక పరీక్షకు తిరిగి వెళ్లే విద్యార్థుల గురించి మాత్రం ఇలాంటి కథలు చెప్పవు.

కష్టానికి అంకె

ఈ దాపరికానికి భిన్నమైన మార్గాన్ని డొనాల్డ్ క్నూత్ ఎంచుకున్నారు. 1968లో వెలువడిన 'ద ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి సంపుటంలో ప్రతి ప్రశ్నకూ 00 నుంచి 50 వరకు కష్టాన్ని సూచించే అంకె ఇచ్చారు. 50 అంటే పరిశోధన సమస్య. విద్యార్థి ఏ నీటిలో దిగుతున్నాడో ముందే తెలుస్తుంది. ఫెర్మా చివరి సిద్ధాంతానికి మొదట 50 ఇచ్చి, ఆండ్రూ వైల్స్ నిరూపణ తరువాత వచ్చిన 1997 ముద్రణలో 45కు తగ్గించారు. ఆ 1968లోనే అమెరికా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం ఏసీఎం ప్రకటించిన పాఠ్యప్రణాళికలో విచ్ఛిన్న నిర్మాణాలు ప్రత్యేక కోర్సుగా చోటు చేసుకున్నాయి.

1970లో స్టాన్‌ఫర్డ్‌లో క్నూత్ ఆరంభించిన కోర్సు నుంచి 1989లో 'కాంక్రీట్ మాథమెటిక్స్' గ్రంథం వచ్చింది. రొనాల్డ్ గ్రాహం, ఓరెన్ పటాష్నిక్ సహరచయితలు. అవిచ్ఛిన్న, విచ్ఛిన్న అనే రెండింటికీ ఉన్న ఇంగ్లీషు మాటల ముక్కలు కలిపి కట్టిన పేరు అది. ఇందులో అభ్యాసాలు ఆరు తరగతులు. మొదటి తరగతి ప్రశ్నలు అధ్యాయాన్ని తొలిసారి చదివే ప్రతివారూ ప్రయత్నించవలసినవి. అంటే చదవడం, లెక్క చేయడం ఇక్కడ వేర్వేరు పనులు కావు. ఇంటిపని, ఇంటి దగ్గర రాసే పరీక్ష ప్రశ్నలు వేర్వేరు తరగతులు. చివరిది పరిశోధన సమస్యలు. జవాబులన్నీ వెనుక ఉన్నాయి. గట్టిగా ప్రయత్నించాకే చూడమని రచయితలు కోరారు. పేజీల అంచుల్లో విద్యార్థుల చమత్కారాలు, విసుర్లు కూడా అచ్చయ్యాయి.

ఈ గ్రంథంలో సాహిత్య పరిశోధకులను ఎక్కువగా ఆకర్షించేది మూడో అనుబంధం. గణిత ప్రశ్నలు చాటువుల్లా తిరుగుతాయి; కర్త పేరు దారిలోనే రాలిపోతుంది. ఇక్కడ రచయితలు ప్రశ్నల మూలాలను వెదకి నమోదు చేసే ప్రయత్నం చేశారు. స్టాన్‌ఫర్డ్ పరీక్షల కోసం కొత్త ప్రశ్నలు తయారుచేసిన బోధన సహాయకుల పేర్లను కూడా వరుసగా ఇచ్చారు.