చెఱచు, చెడు
చిలకలూరిపేట చేరువ మిరపకోతల వేళ గట్టుపై కూర్చున్న ఒక వృద్ధురాలు, పొరుగూరి బాలికపై జరిగిన దౌర్జన్యమును తలచుకొని, ‘పాపం, ఆ పిల్ల చెడిపోయింది నాయనా’ అని నిట్టూర్చగా, జాలితో పలికిన ఆ వాక్యమున చెఱచినవాడు ఎచట దాగెనా యని చాలసేపు యోచించితిని, అడిగితిని కూడ, ‘వాడికేం, మగాడు’ అనినది. చెడు అకర్మకక్రియ, చెఱచు దాని సకర్మకరూపము. తమిళ కన్నడములలో కెడు అని నిలిచిన ధాతువే, తాలవ్యాచ్చునకు ముందున్న కకారము చకారమగుటచే, మనకు చెడు అయినది. చేటు, చెఱుపు దాని సంతానము. పూర్వులు తపస్సును చెఱచుట, సేనను చెఱచుట అన్నపుడు నింద కర్తదే. ప్రత్తికి పురుగు సోకిన యేట ‘పైరు చెడింది’ అందుము గాని పైరు నడవడిని విచారింపము. ‘చెరపకురా చెడేవు’ అను సామెత చేటును చెఱచువానికే కట్టినది. స్త్రీ విషయమున మాత్రము లోకము దానిని తలక్రిందులు చేసి, ‘చెడినది’ అనగా నడత లేనిది అను అర్థమును బాధితురాలికి అంటగట్టినది. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసుఠాణాలో అత్యాచారమునకు గురియై, భర్తను సైతము కోల్పోయిన స్త్రీని వేశ్యగా చిత్రింప యత్నించిరి. బాధితురాలి నడతను బోనెక్కించుటకు వీలిచ్చిన 1872 నాటి సాక్ష్యచట్టపు 155(4) నిబంధన 2002 చివరివరకు నిలిచియే యుండెను. పత్రికల ‘మానభంగము’ కూడ పోయినది ఆమె మానమేనని చెప్పును; ‘అత్యాచారము’ మేర మీరిన ఆచారము గనుక, ఆ మాట చేసినవానినే చూపును.