బకెట్
నార్మన్ల ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరిన మాట ఇది. బావులతో పాటు మన చేద, బొక్కెన వెనకబడ్డాయి. నల్లా కింద బకెట్ నిలిచింది. ఇప్పుడు మాదాపూర్ హోటల్లో బకెట్ అంటే నలుగురైదుగురు తినే బిర్యానీ. పక్క భవనంలో ఇంజనీరుకేమో ఫైళ్లు దాచే చోటు. అమెజాన్ 2006లో ఎస్3 నిల్వ సేవ తెచ్చినప్పుడు డేటా పెట్టుకునే అరకు ఈ పేరే పెట్టింది. ఎంత ఇంటివాడుక పేరో! 2022 నవంబరులో ఆ సంస్థ క్లౌడ్ కేంద్రం హైదరాబాద్‌లోనూ మొదలైంది. ఇలాంటి బకెట్‌కు పెట్టే పేరుకు నియమాలున్నాయి: మూడు అక్షరాలకు తగ్గకూడదు, 63 దాటకూడదు, ఇంగ్లీషు పెద్దక్షరాలు పనికిరావు. ఒకరు తీసుకున్న పేరు మామూలుగా ప్రపంచంలో మరొకరికి దొరకదు. ‘టెస్ట్’ అని పెట్టబోయిన ప్రతి కొత్త ఉద్యోగికీ ఇది మొదటిరోజే తెలిసొస్తుంది.