ఎర్రనీరు, లాంచీ ఇంజను

గోదావరి మీద మర పడవల చరిత్ర చెప్పేవాళ్ళు ధవళేశ్వరం ఆనకట్టతో మొదలుపెడతారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టతో కాటన్ దొర ఆగలేదు. మధ్య పరగణాల పత్తి గోదారి మీదుగానే సముద్రానికి దిగాలన్నాడు. భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం దగ్గర మొదటి రాతి అడ్డు, ఇచ్చంపల్లి దగ్గర రెండోది, ఆపైన మూడోది. వాటిని తప్పించే పనులు పూర్తికాకుండానే 1871లో ఆపేశారు. దిగువన మాత్రం ఆవిరి పడవలు నడిచాయి. 1879 రంప పితూరీ నాడు పోలీసులు వాటి మీదే మన్యం వైపు ఎదురెక్కారు.

నేనైతే నీళ్ళతో మొదలుపెడతాను. రాజమండ్రి రేవులో లాంచీ ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి.

ఆవిరి పడవకి బాటా గోదారే, బాయిలర్లో పోసే నీళ్ళూ గోదారివే. వర్షాకాలంలో శబరి, ఇంద్రావతి, ప్రాణహిత మోసుకొచ్చే ఎర్రనీరు కాగేకొద్దీ బాయిలరు అడుగున ఒండ్రు పేరుకుంటుంది. పొర మందమైతే వేడి నీటికి చేరదు, రేకు కాలిపోతుంది. అందుకని మధ్యమధ్య అడుగు కుళాయి విప్పి బురద వదిలెయ్యాలి.

డీజిలు వచ్చాక బాయిలరు పోయింది, బురద పోలేదు. కాలిన నూనె వేడిలో దాదాపు మూడో వంతు చల్లబరిచే నీళ్ళలోకి పోవాలి. పాత లాంచీల్లో ఆ నీళ్ళు తిన్నగా నదిలోంచే వచ్చేవి. అడుగున రంధ్రం, దానికో జాలీ, వాల్వు, పంపు, ఇంజను చుట్టూ నీళ్ళు తిరిగే ఖాళీలు, చివరికి పక్క గొట్టంలోంచి మళ్ళీ గోదాట్లోకి. పంపులో ఉండేవి రబ్బరు రెక్కలు. ఇసుక వాటికి ఆకురాయి. వేసవిలో లాంచీ మేటల మీదుగా పోతే పంపు పీల్చే సన్న ఇసుకని ఏ జాలీ ఆపలేదు. రెక్కల అంచులు అరిగిపోతాయి. వరదలో జాలీకి చెత్త అడ్డం పడుతుంది, కాలువల్లో గుర్రపుడెక్క.

మా మేస్త్రి మీటరు చూడగా నేనెరగను. చూపంతా పక్క గొట్టం మీదే. "ఒరేయ్, ధార సన్నబడిందిరా, చెయ్యి పెట్టి చూడు" అనేవాడు. సన్నబడి కాలుతుంటే నీళ్ళు సరిగ్గా అందడం లేదని. ధార నిండుగా ఉండీ ఇంజను వేడెక్కుతుంటే లోపల ఖాళీల్లో ఒండ్రు పట్టిందని. ఆయన పద్ధతే సరైనదని ఇప్పటికీ నమ్ముతాను. మీటరు గుండు నీళ్ళలో మునిగి ఉంటేనే ముల్లు నిజం చెబుతుంది. నీళ్ళు పూర్తిగా పోతే ఇంజను మాడుతున్నా ముల్లు లేవకపోవచ్చు.

పాపికొండల మధ్య నది సన్నబడి వడి పెరుగుతుంది. అక్కడ ఇంజను వేడెక్కితే సరంగు ముందు లాంచీని ఒడ్డు వైపు తిప్పాలి, లంగరు దించాలి, మోకు చెట్టుకి కట్టించాలి. ధార వస్తుంటే న్యూట్రల్‌లో వేసి, రేసు తగ్గించి చల్లారనివ్వాలి. ధార ఆగిపోతే మాత్రం ఒడ్డు చేరగానే, లంగరు పట్టగానే ఇంజను ఆపెయ్యాలి. కంగారులో బకెట్టుతో చన్నీళ్ళు కుమ్మరిస్తే హెడ్డు బీటలు వారుతుంది. అలా పగిలిన హెడ్లు నా చేతుల మీదుగా చాలా పోయాయి, ప్రతిదాని వెనకా ఎవరో ఒకరి తొందరే.

1900లో వచ్చిన హేవలాక్ వంతెన రైలుకే. 1974లో రోడ్డు కం రైలు వంతెన తెరిచేదాకా, రైలు లేనివేళ కొవ్వూరు వెళ్ళాలంటే రేవుకి రావలసిందే. బాపు 'అందాల రాముడు' 1973లో వచ్చింది. భద్రాచలం దాకా లాంచీ ప్రయాణమే ఆ సినిమా. అప్పటికే ఆ కాలం చివరికొచ్చేసింది. రోడ్లు పడ్డాక సరుకు లారీలెక్కింది.

ఈలోగా మంచి ఏర్పాటు ఒకటి వచ్చింది. ఇంజనులో మంచినీళ్ళే మూసిన గొట్టాల్లో తిరుగుతాయి, ఆ గొట్టాలు పడవ అడుగున గోదారికి తగిలి చల్లారతాయి. ఇసుక లోపలికే రాదు. మేటకి రాసుకుంటే గొట్టం నొక్కుకుపోతుందన్న భయం ఉంది, అయినా ఈ నదికి తగిన పద్ధతి ఇదే. నది నీళ్ళే తాగే ఇంజన్లున్నవాళ్ళకి మాత్రం ఎర్రనీరు దిగకముందే రెక్కలు మార్చమని, ఇంకో జత బోటులోనే ఉంచుకోమని ఏటా చెబుతూనే ఉన్నాను.