750 గంటల ఇంటి ఓనర్లు

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళు నలుగురు కలిస్తే ముందు గ్రీన్‌కార్డు గురించి, తర్వాత అద్దెకిచ్చిన ఇళ్ళ గురించి మాట్లాడుకుంటారు. ఆ రెండో కబుర్లలో తరచూ దొర్లే మాట "రియల్ ఎస్టేట్ ప్రొఫెషనల్ స్టేటస్". అదుంటే అద్దె ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తీసేసి, మిగిలినదానికే టాక్స్ కట్టొచ్చు. ఇదేదో కన్సల్టెంట్లు కనిపెట్టిన చిట్కా అనుకుంటారు చాలామంది. కాదండీ, దీని వెనక పన్నెండేళ్ళ కథ ఉంది.

నెలనెలా అద్దె వస్తుంటే నష్టమెక్కడిది అంటారా? అదంతా డిప్రిసియేషన్ మహిమ. బజార్లో ధర పెరుగుతున్నా సరే, కట్టడం ఏటా కొంత అరుగుతోందని చట్టం లెక్క. 1981లో రీగన్ హయాంలో వచ్చిన చట్టం, ఆ ఖరీదుని 15 ఏళ్ళలో ఖర్చు రాసేసుకోమంది. ఆ మరుసటేడు నుంచి పై స్లాబు 50 శాతం. అంటే కాగితం మీద డాలరు నష్టం చూపిస్తే అర డాలరు జేబులో మిగిలినట్టే! ఇంకేముంది, డాక్టర్లు, లాయర్లు ఎగబడి పార్ట్‌నర్‌షిప్పుల్లో వాటాలు కొన్నారు. అద్దెకి ఎవరైనా వస్తారా రారా అన్న బెంగ లేదు, నష్టం వస్తేనే లాభం. అవసరానికి మించి బిల్డింగులు లేచాయి.

1986 అక్టోబర్ 22న మళ్ళీ ఆ రీగనే సంతకం పెట్టిన టాక్స్ రిఫార్మ్ యాక్ట్ ఈ ఆట కట్టించింది. అందులో సెక్షన్ 469 ప్రకారం అద్దె వ్యాపారం, ఎవరు ఎంత కష్టపడినా, "పాసివ్" కిందే లెక్క. దాని నష్టాన్ని పాసివ్ ఆదాయంలోంచే తీసేసుకోవాలి. మిగిలితే వచ్చే ఏళ్ళకి మోసుకెళ్ళాలి, లేదా ఇల్లు అమ్మేదాకా ఆగాలి. అద్దె ఇళ్ళ డిప్రిసియేషన్ గడువు 27.5 ఏళ్ళకి పెంచారు. చిన్న ఓనర్లకి మాత్రం 25,000 డాలర్ల దాకా మినహాయింపు ఇచ్చారు. ఆదాయం 1,00,000 దాటితే అది తగ్గుతూ 1,50,000 దగ్గర సున్నా అవుతుంది.

అసలు గొడవ ఏంటంటే, పాత పెట్టుబడుల్ని కూడా వదల్లేదు. 1990 దాకా విడతలవారీగా కోత పెట్టి, ఆ తర్వాత పూర్తిగా ఆపేశారు. టాక్స్ కోసం కొన్న బిల్డింగుల విలువ పడిపోయింది. వాటికి అప్పులిచ్చిన సేవింగ్స్ అండ్ లోన్ సంస్థలు 1986, 1995 మధ్య వెయ్యికి పైగా మూతపడ్డాయి. దానికి ఈ చట్టం ఒక్కటే కారణం కాదు లెండి. అదుపులేని అప్పులు, టెక్సాస్‌లో ఆయిల్ ధరల పతనం అన్నీ ఉన్నాయి.

అప్పుడు బిల్డర్లు, బ్రోకర్లు అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. "కిరాణాకొట్టు వాడు ఒక కొట్టు నష్టాన్ని ఇంకో కొట్టు లాభంలో తీసేసుకుంటాడు. రోజంతా ఇదే పనిచేసే మేం పాసివ్ ఎలా అయ్యాం?" 1993లో క్లింటన్ బడ్జెట్ చట్టంలో దీనికి జవాబు దొరికింది. సెనేట్‌లో ఓట్లు సమానమై, ఆల్ గోర్ ఓటుతో గట్టెక్కిన చట్టం అది. మీ మొత్తం పనిలో సగం కంటే ఎక్కువ రియల్ ఎస్టేట్‌లో ఉండాలి, అది 750 గంటలు దాటాలి. ఆపైన అద్దె ఇళ్ళ వ్యవహారంలో కూడా గట్టిగా పాల్గొనాలి. 1994 నుంచి అమలు.

మాలాంటి ప్రోగ్రామర్లకి ఇక్కడే లెక్క తప్పుతుంది. ఏడాదికి 2,000 గంటలు ఉద్యోగం చేసేవాడు అంతకంటే ఎక్కువ గంటలు రియల్ ఎస్టేట్‌లో చూపించాలి. నిద్ర ఎప్పుడు పోతాడు మరి? అయితే భార్యాభర్తల్లో ఒక్కరు నెగ్గినా చాలు, కలిపి రిటర్న్ వేసుకోవచ్చు. ఇంట్లో ఒకరు రియల్టర్ లైసెన్స్ తీసుకోవడం వెనక కిటుకు చాలాసార్లు ఇదే. గంటలు రాసి పెట్టుకోకపోతే మాత్రం కష్టం. 2010లో ఒకాయన, ఫోన్ వస్తే పరిగెత్తడానికి సిద్ధంగా ఉన్న టైమ్‌ని కూడా లెక్కలో వేయమంటే టాక్స్ కోర్టు కుదరదంది.

నా అభిప్రాయం చెప్తాను. 1986 సూత్రం మంచిది, 1993 సవరణ కూడా సబబే. నాకు నచ్చనిది మూడోది. ఆ 25,000, 1,00,000, 1,50,000 అంకెలు 1986 నుంచి అలాగే ఉన్నాయి, ధరలతో పాటు పెంచలేదు. అప్పట్లో లక్షన్నర అంటే బాగా ఉన్నవాళ్ళు. ఇప్పుడు ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఎన్నో మామూలు కుటుంబాలు ఆ గీత దాటేస్తున్నాయి. పక్కపక్కన రెండు ఒకేలాంటి ఇళ్ళు, ఒకేలాంటి నష్టం. ఇంట్లో రియల్టర్ ఉన్నవాళ్ళకి ఇవాళే లాభం, ఇద్దరూ నర్సులైతే ఇల్లు అమ్మేదాకా ఆగాలి. పెద్దవాళ్ళు అడిగితే కాంగ్రెస్ ఏడేళ్ళలో చట్టం మార్చింది. చిన్న ఓనర్ల అంకె మార్చడానికి నలభై ఏళ్ళు చాలలేదు!